ఎనిమిది రోజుల కూలి, ఒక జత బూట్లు

అనంతపురం జిల్లా నార్పల మండలంలోని బండ్లపల్లి పేరు దేశమంతా రెండుసార్లు వినిపించింది. 2006 ఫిబ్రవరి 2న అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ ఉపాధి హామీ పథకాన్ని మొదలుపెట్టింది ఆ ఊళ్లోనే. 2023 జులైలో మీర్పూర్‌లో బంగ్లాదేశ్ మీద భారత మహిళల జట్టు తరఫున తొలి టీ20 ఆడిన ఎడమచేతి స్పిన్నర్ బారెడ్డి అనూష ఆ ఊరి పిల్లే. ఈ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఆటసామాను కొనడం ఇక్కడ ఎంత బరువైన పనో తెలుస్తుంది. 2025-26లో ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి కూలి రోజుకు 307 రూపాయలు. రెండున్నర వేల బూట్ల జత అంటే ఎనిమిది రోజుల కూలి. అదీ ఆ ఎనిమిది రోజులూ ఇంట్లో బియ్యం, ఉప్పు, బస్సు చార్జీ ఏవీ అక్కర్లేదనుకుంటేనే.

బజారులో దొరికే కొనుగోలు సలహాలన్నీ నెలజీతం వచ్చే ఇంటిని, పక్కనే మాల్ ఉన్న ఊరిని మనసులో పెట్టుకుని రాసినవి. అనంతపురం అలాంటిది కాదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అది కూడా పడితే పడినట్టు. వేరుశనగ జూన్, జులైలో విత్తితే డబ్బు కళ్లబడేది దీపావళి దాటాక. బడి తెరిచేది జూన్‌లో. అంటే పిల్లవాడికి కొత్త బూట్లు కావలసిన నెలలోనే ఇంట్లో డబ్బంతా విత్తనాలకూ ఎరువుకూ పోయి ఉంటుంది. అప్పుడు కొనేది అప్పు మీద, లేదా అన్నిటికన్నా చవకది. నాలుగు నెలలకు ఆ చవకదాని సోలు ఊడిపోతుంది. పంట డబ్బు చేతికొచ్చిన నవంబరు, డిసెంబరుల్లో, సంక్రాంతి టోర్నమెంట్ల ముందు, బూట్లు కొనుక్కునే ఇల్లు అదే డబ్బుతో మెరుగైన సరుకు తెచ్చుకోగలదు. పిల్లల పాదం సైజు ఆరు నెలల్లో మారుతుంది కాబట్టి కొనే ముందు మళ్లీ కొలిస్తే చాలు.

ఇన్నేళ్లుగా ఈ జిల్లా మైదానాల్లో పిల్లల్ని చూస్తూ నేను ఏర్పరచుకున్న అభిప్రాయం ఒక్కటే. ఒంటికి అంటుకుని ఉండేవి ఎవరివి వారికి ఉండాలి. చేత్తో పట్టుకునేవి, కాలితో తన్నేవి పదిమందికీ ఉమ్మడిగా ఉండొచ్చు. మన ఇళ్లలో దీనికి తిరగేసి జరుగుతుంది. పేరున్న ఆటగాడి స్టిక్కరున్న బ్యాటు కొనిస్తారు. ఆ బ్యాటు పట్టుకున్న పిల్లవాడి కాళ్లకు మాత్రం హవాయి చెప్పులుంటాయి. బ్యాటు నాసిదైతే పరుగులు తగ్గుతాయి. బూటు నాసిదైతే చీలమండ మెలికపడి ఆ ఏడాది ఆటే పోతుంది.

బూట్ల సంగతే ముందు చెప్పాలి, ఎక్కువగా చెప్పాలి. ఇక్కడి నేల ఎర్రగరప, రాతిమయం. గడ్డి మైదానం అనేది పట్టణంలో ఒకటి రెండు చోట్లే. మిగతా ఊళ్లలో ఆట అంతా గులకరాళ్ల మీద, మట్టి మీద. వాన తర్వాత పల్లేరు కాయలు, ఏడాది పొడుగునా కంపముళ్లు. ఈ నేలకు కావలసిన బూటు వేరు, దుకాణంలో అద్దాల వెనక మెరిసే బూటు వేరు. అడుగున మెత్తని నురుగు మాత్రమే బయటికి కనపడే తేలికపాటి పరుగుబూట్లు సిమెంటు రోడ్డుకూ జిమ్ములోని ట్రెడ్‌మిల్‌కూ పనికొస్తాయి. గరపనేల మీద ఆ నురుగు కొద్ది వారాల్లోనే చెక్కులు చెక్కులుగా లేచిపోతుంది, ముల్లు నేరుగా పాదంలోకి దిగుతుంది. అడుగంతా గట్టి రబ్బరు పరిచి ఉన్న జోడు కొంచెం బరువున్నా అదే మేలు.

సోలు ఎలా అతికించారో కూడా చూడాలి. మే నెలలో నలభై డిగ్రీలు దాటిన ఎండలో మోటారుసైకిల్ సంచిలోనో డాబా మీదో వదిలేస్తే జిగురు మెత్తబడుతుంది, ముందు బొటనవేలి దగ్గర నోరు తెరుస్తుంది. చుట్టూ గిన్నెలా లేచిన రబ్బరు అంచున్న సోలైతే చెప్పులు కుట్టేవాళ్లు దారంతో చుట్టూ కుట్టు వేయగలరు. పూర్తిగా నురుగుసోలైతే కుట్టు నిలవదు. బడిపిల్లలకు కొనేటప్పుడు నేను మొదట చూసేది ఇదే, ఎందుకంటే కుట్టు పడే బూటు రెండో ఏడాదికి కూడా వస్తుంది. కొత్తగా ఉన్నప్పుడే కుట్టించేస్తే ఇంకా మంచిది. ఊడిపోయాక మట్టి చేరిన చోట కుట్టు పట్టదు.

సైజు విషయంలో పెద్దవాళ్లు చేసే పని ఒకటుంది, ప్రేమతోనే చేస్తారు. పిల్లవాడు ఎదుగుతాడు కదా అని రెండు సైజులు పెద్దది తీసుకుంటారు. లోపల పాదం జారుతుంది, మడమ మీద బొబ్బలు లేస్తాయి, పరుగులో కాలు తట్టుకుంటుంది. పొడవైన వేలి ముందు బొటనవేలి వెడల్పు ఖాళీ ఉంటే ఎదుగుదలకు చాలు. మడమను గోడకు ఆనించి కాగితం మీద నిలబడి వేలి కొనదగ్గర గీత పెట్టి, రెండు పాదాలూ కొలిచి, పెద్దదాన్ని లెక్కలోకి తీసుకోవాలి. ఒక కంపెనీ ఏడు నంబరు మరో కంపెనీ ఏడుతో కలవదు. బూటు నాలుక లోపల సెంటీమీటర్లలో వేసిన అంకె ఎక్కువ నమ్మదగింది. సాయంత్రానికి పాదాలు కాస్త ఉబ్బుతాయి కనుక కొనడానికి సాయంత్రమే మంచివేళ. ఆటకు వేసుకునే సాక్సుతోనే తొడిగి చూడాలి. చేతుల్లో పట్టుకుని వంచితే వేళ్ల మొదళ్ల దగ్గర వంగాలి. నడిమిలో వంగితే పాదం వంపుకు ఆధారం లేనట్టే. మడమ వెనక భాగాన్ని నొక్కితే లోపలికి కూలిపోకూడదు.

ఫుట్‌బాల్ ఆడే పిల్లలు టీవీలో చూసి పొడవాటి మేకులున్న బూట్లు అడుగుతారు. అవి మెత్తని గడ్డినేలలోకి దిగడానికి చేసినవి. మన గట్టినేలలో అవి దిగవు, పిల్లవాడి బరువంతా నాలుగైదు బిందువుల మీదే నిలబడుతుంది, పాదం అడుగున నొప్పి మొదలై మోకాలి దాకా పాకుతుంది. చిన్న చిన్న రబ్బరు బుడిపెలు చాలా ఉన్న రకాన్ని దుకాణాల్లో టర్ఫ్ షూ అంటారు. గరపనేలకు అదే సరి. క్రికెట్‌లోనూ ఇనుప స్పైకులు పచ్చిక పిచ్చికే. ఊళ్లలో ఆడేది మ్యాటింగ్ వికెట్ మీద, స్పైకులు ఆ మ్యాటును చీల్చేస్తాయి. రబ్బరు స్టడ్లు చాలు. కబడ్డీ, ఖోఖో మట్టి మీద ఆడేవాళ్లు ఉత్త కాళ్లతో ఆడితే నష్టం లేదు. ఆట మొదలయ్యే ముందు పదిమంది వరసగా నడిచి ముళ్లూ గాజుపెంకులూ ఏరేయడం మాత్రం తప్పనిసరి.

తెల్లవారుజామున పట్టణంలోని కాలేజీ మైదానాల్లో పోలీసు, సైన్యం ఉద్యోగాల కోసం 1600 మీటర్లు పరుగెత్తే యువకులకు ఒక మాట. పరీక్షకు వారం ముందు కొత్త బూట్లు కొనకండి. కనీసం నెల రోజులు అవే బూట్లతో పరుగెత్తి ఉండాలి. పరుగుబూట్ల లోపలి నురుగు దాదాపు 500 నుంచి 800 కిలోమీటర్ల వరకే స్ప్రింగులా పనిచేస్తుందని సాధారణంగా చెబుతారు. పైకి బాగానే కనపడుతున్నా సోలు పక్కల అడ్డంగా ముడతలు పడి నొక్కితే లేవకపోతే దాని పని అయిపోయినట్టు. అలాంటిదాన్ని పొలానికి వాడుకోండి, పరుగుకు వద్దు.

బట్టల దగ్గరికి వస్తే ఈ జిల్లా వాతావరణం మనకు సాయం చేస్తుంది, ఆ సంగతి చాలామంది గుర్తించరు. కాకినాడలోనో విశాఖలోనో గాలిలోనే తేమ ఉంటుంది, చెమట ఆరదు. అనంతపురం వేసవిలో చెమట పట్టినట్టే తెలియదు. పట్టీ పట్టకముందే ఆరిపోయి బనీను మీద తెల్లటి ఉప్పుచారలు మిగులుతాయి. అంటే ‘డ్రై ఫిట్’ అని రాసిన బట్ట చేస్తానని చెప్పే పనిలో సగం ఇక్కడి గాలే చేసిపెడుతోంది. దానికోసం రెండింతల డబ్బు పోయనక్కర్లేదు. ఇక్కడ అసలు శత్రువు ఎండ. వదులుగా, పల్చగా, లేత రంగులో, చేతులు పూర్తిగా కప్పే చొక్కా, మెడ వెనక నీడపడే టోపీ ఉంటే చాలు. చెమట కనపడదు కాబట్టి దాహం వేసేదాకా నీళ్లు తాగరు, అదే ప్రమాదం. కొనే జాబితాలో ఒక లీటరు నీళ్ల సీసా ముందుండాలి.

అలాగని కాటనే కొనమని నేననను. నూలు తన బరువులో సుమారు ఎనిమిది శాతం తేమను గాలి నుంచే పట్టుకోగలదు, పాలిస్టర్ అర శాతం కూడా పట్టదు. గంటన్నర పరుగెత్తాక తడిసిన కాటన్ బట్ట బరువెక్కి చంకల్లో, తొడల మధ్య ఒరుసుకుంటుంది. పాలిస్టర్ చొక్కా రెండు చెంబుల నీళ్లలో ఉతికితే మురికి పోతుంది, అరగంటలో ఆరుతుంది. నీటి ట్యాంకరు కోసం ఎదురుచూసే ఊళ్లో ఇది చిన్న విషయం కాదు. నా లెక్క ప్రకారం ఆటకు రెండు పాలిస్టర్ జెర్సీలు, ఇంటికీ నడకకూ కాటన్. బోరునీళ్లు ఇక్కడ కఠినజలం, సబ్బు నురగ రాదు. నురగ రాలేదని ఇంకా పొడి వేస్తే అది పోగుల మధ్య పేరుకుని బట్ట గట్టిపడి వాసన పట్టేస్తుంది. ఉప్పు కరిగేలా ముందు మామూలు నీళ్లలో నానబెట్టి, పొడి తగ్గించి, చివర ఒకసారి ఎక్కువగా జాడిస్తే జెర్సీ మూడేళ్లు వస్తుంది. మెత్తదనం కోసం వేసే కండిషనర్లు పాలిస్టర్ ఆటబట్టలకు పడవు.

ఊరి జట్లు టోర్నమెంటుకు ముందు పేర్లూ నంబర్లూ వేయించుకునే జెర్సీల విషయంలో రెండు చూడాలి. రంగు బట్టలోకి ఇంకిపోయే సబ్లిమేషన్ ముద్రణైతే పాలిస్టర్ మీద ఏళ్లు నిలుస్తుంది. పైన అతికించిన రబ్బరు ముద్ర మన ఎండకు పగిలి పొలుసులు లేస్తుంది. బట్ట మందాన్ని చదరపు మీటరుకు గ్రాముల్లో, అంటే జీఎస్ఎమ్‌లో చెబుతారు. 140 నుంచి 160 మధ్య ఉంటే మన ఎండకు సరిపోతుంది. అంతకంటే పల్చనిది ఒక్కసారి కంపచెట్టుకు తగిలితే చిరుగుతుంది. సరుకు ఎక్కువగా తమిళనాడులోని తిరుప్పూరు నుంచే వస్తుంది. బళ్లారి జీన్సు వ్యాపారాన్ని ఆనుకుని రాయదుర్గంలో కుట్టుపని చేసే యూనిట్లు ఎన్నో ఉన్నాయి. ట్రాక్ ప్యాంట్లు, షార్ట్స్ అక్కడే కుట్టించగలిగితే బడులకు రేటూ తగ్గుతుంది, డబ్బూ జిల్లాలోనే తిరుగుతుంది. సాగే అల్లికబట్టకు ఓవర్‌లాక్ మిషను ఉన్నవాళ్లకే ఇవ్వాలి. లోపలి కుట్టు చేత్తో తడిమితే గరుకుగా తగలకూడదు.

ఆడపిల్లల బట్టల గురించి మన పత్రికలు మాట్లాడవు. వ్యాయామం నేర్పే పీఈటీ మాస్టర్లు ఇబ్బంది పడి ఊరుకుంటారు. ఎనిమిదో తరగతిలో ఎంతో వేగంగా పరుగెత్తిన అమ్మాయి తొమ్మిదిలో మైదానానికి రావడం మానేస్తే, చదువు ఎక్కువైందని సరిపెట్టుకుంటాం. అసలు కారణం చాలాసార్లు ఛాతీనొప్పి, సిగ్గు, నెలసరి రోజుల్లో మరక భయం. సరైన స్పోర్ట్స్ బ్రా రెండు జతలుంటే ఆ పిల్ల ఆట కొనసాగుతుంది. ఇది సోకు కాదు, బ్యాట్స్‌మన్‌కు ప్యాడ్లెంతో పరుగెత్తే అమ్మాయికి ఇది అంత. కొనేటప్పుడు చూడాల్సింది కింది పట్టీని. ఆధారంలో ఎక్కువ భాగం ఆ పట్టీయే ఇస్తుంది, భుజాల పట్టీలు కావు. పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి, అంతకంటే వదులుంటే లాభం లేదు. తొడుక్కుని అక్కడే నాలుగుసార్లు గెంతి చూడాలి. పట్టీ పైకి ఎగబాకితే సైజు పెద్దది, ఊపిరి బిగిస్తే చిన్నది. నడకకు తేలికపాటిది చాలు, పరుగుకూ కబడ్డీకీ గట్టిది కావాలి. సాగేగుణం పోయాక, సాధారణంగా ఏడాది లోపే, మార్చాలి.

దుకాణంలో మగవాళ్ల ముందు ఈ సరుకు అడగలేక చాలామంది తల్లులు వెనక్కి వస్తారు. దీనికి నేను చూసిన మంచి దారి, బడిలో ఒక టీచరమ్మ టేపుతో కొలతలు రాసుకుని పదిమందికీ కలిపి తెప్పించడం. ఎక్కువ కొంటే ధర తగ్గుతుంది, సైజు తప్పితే మార్పిడి కూడా సులువు. షార్ట్స్ వేసుకోవడానికి ఇంట్లో ఒప్పుకోకపోతే, కింద మోకాలు దాటే టైట్స్ వేసి పైన షార్ట్స్ వేయొచ్చు. నిబంధనలు అనుమతించే చోట ట్రాక్ ప్యాంటుతో ఆడొచ్చు. అమ్మాయి మైదానంలో ఉండటమే ముఖ్యం, బట్ట పొడవు మీద పెద్దలతో పోట్లాట తర్వాతైనా పెట్టుకోవచ్చు. యూనిసెక్స్ అని అమ్మే జెర్సీలు నిజానికి మగవాళ్ల కొలతలే. భుజాలు జారి, తుంటి దగ్గర బిగుస్తాయి. జట్టు మొత్తానికి ఆర్డరు ఇచ్చేటప్పుడు అమ్మాయిల కొలతలు విడిగా పంపాలి.

అమ్మాయిలకు అన్యాయం జరిగే చోటు ఇంకొకటుంది. అబ్బాయిల పాత సామాను వాళ్లకు వస్తుంది. మహిళల క్రికెట్ బంతి బరువు 140 నుంచి 151 గ్రాములు, పురుషులది దాదాపు 156 నుంచి 163. పదమూడేళ్లలోపు పిల్లలకు ఇంకా తేలికైన బంతి ఉంది. చిన్న చేతులున్న స్పిన్నరు పెద్ద బంతితో ఏళ్ల తరబడి సాధన చేస్తే పట్టు తప్పుగా అలవాటవుతుంది. బంతి అన్నిటికన్నా చవకైన సామాను, దాని విషయంలో సరిపెట్టుకోమనడం అక్కర్లేదు.

ఇక ఉమ్మడి సామాను. దేశంలో ఆటసామాను పరిశ్రమ చరిత్ర తెలిస్తే ధరలు అర్థమవుతాయి. దేశవిభజనకు ముందు ఈ పనికి పేరు ఇప్పుడు పాకిస్థాన్‌లో ఉన్న సియాల్‌కోటది. 1947లో అక్కడి నుంచి వచ్చిన కుటుంబాలు జలంధర్‌లో, మీరట్‌లో స్థిరపడి మళ్లీ మొదలుపెట్టాయి. మన దేశంలో టెస్టు మ్యాచ్‌ల బంతి చేసే ఎస్‌జీ కంపెనీ 1931లో సియాల్‌కోటలో పుట్టి మీరట్‌కు తరలింది. నివియా కంపెనీ జలంధర్‌ది. అనంతపురం సప్తగిరి సర్కిల్ చుట్టుపక్కల దుకాణాల్లో కనపడే బ్యాట్లలో, బంతుల్లో చాలా భాగం ఆ రెండు ఊళ్ల సరుకే. విదేశీ పేరున్న దానికీ పేరు లేని దానికీ మధ్య తేడాలో కొంత కర్రది, కొంత పనితనానిది, చాలా వరకు స్టిక్కరుది. అందుకే స్టిక్కరు వదిలి కర్ర చూడాలి.

బ్యాటులో రెండు రకాలు, ఇంగ్లిష్ విల్లో, కాశ్మీర్ విల్లో. కాశ్మీరుది కాస్త గోధుమరంగులో, బరువుగా, గట్టిగా ఉంటుంది. ఇంగ్లిష్ కర్ర తెల్లగా, తేలికగా ఉండి బంతిని బాగా ఎగరేస్తుంది, త్వరగా దెబ్బతింటుంది. జిల్లా స్థాయి దాటని పిల్లవాడికి ఇంగ్లిష్ విల్లో అక్కర్లేదని నా గట్టి నమ్మకం. టెన్నిస్ బంతి కోసం చేసిన తేలికపాటి బ్యాటుతో తోలుబంతి ఆడితే ఒక్కరోజులో చీలుతుంది, ఆ రెండూ కలపకూడదు. సైజు పెద్దగా ఉంటే పిల్లవాడు రెండు చేతులా లాగి కొట్టడం అలవాటు చేసుకుంటాడు. కాలి పక్కన నిలబెడితే పిడి కొన తుంటి దగ్గరికి రావాలి, ఒంటిచేత్తో ముందుకు చాచి కాసేపు పట్టుకోగలగాలి. మన పొడిగాలికి విల్లోలోని తేమ ఆరిపోయి అంచులు చిట్లుతాయి. ఏడాదికి రెండు మూడుసార్లు పచ్చి అవిసెనూనె పల్చగా, పిడికి తగలకుండా, రాసి పడుకోబెట్టి ఆరబెట్టాలి. కొత్త బ్యాటును కొయ్యసుత్తితో కొన్ని గంటలపాటు మెల్లగా కొట్టి కర్రను గట్టిపరచకుండా నేరుగా ఆడితే డబ్బు నీళ్లపాలే. తగినంత నూనె రాసి సుత్తి పట్టిన చవక బ్యాటు, అలా చేయని ఖరీదైన బ్యాటుకంటే ఎక్కువకాలం బతుకుతుంది.

తోలుబంతి, కార్కు బంతి ఆడే చోట హెల్మెట్ విషయంలో బేరం లేదు. 2014 నవంబరులో ఆస్ట్రేలియా ఆటగాడు ఫిలిప్ హ్యూస్ మెడ మీద దెబ్బతిని చనిపోయాక మెడ వెనక రక్షణ అదనంగా వచ్చింది. హెల్మెట్ ఉమ్మడిగా ఉండొచ్చు, కానీ గట్టి దెబ్బ తగిలినదాన్ని పక్కన పడేయాలి, లోపల కనపడని పగులు ఉండొచ్చు. తల మీద ముందు ఎవరి గుడ్డటోపీ వాళ్లు పెట్టుకోవాలి. ప్యాడ్లు, గ్లౌజులు మార్చుకుని వాడే శిబిరాల్లో తామర వేగంగా పాకుతుంది. లోపల చేతికి పల్చటి కాటన్ గ్లౌజు, కాలికి నిండు ప్యాంటు ఉంటే ఉమ్మడి సామానుతో ఇబ్బంది లేదు. అబ్డామెన్ గార్డు మాత్రం ఎవరిది వారిదే. సామాను మొత్తాన్నీ ఆట తర్వాత సంచిలో కుక్కకుండా నీడలో ఆరేయాలి.

ఫుట్‌బాల్ కొనేటప్పుడు నంబరు చూడటం అలవాటు చేసుకోవాలి. పెద్దవాళ్లది 5, బరువు 410 నుంచి 450 గ్రాములు. పన్నెండేళ్ల లోపు వాళ్లకు 4. చేతికుట్టు బంతి గడ్డి మీద బాగుంటుంది, గరప మీద దారాలు అరిగి నెలరోజుల్లో విచ్చుకుంటుంది. ఇక్కడ అచ్చుపోసిన రబ్బరు బంతి కాస్త గట్టిగా తగిలినా ఎక్కువకాలం వస్తుంది. మధ్యాహ్నం ఎండలో బంతి లోపలి గాలి ఉబ్బుతుంది కాబట్టి నిండా గాలి కొట్టకూడదు. సూదిని తడిపి గుచ్చాలి. పొడిసూదితో వాల్వు చిరిగిన బంతులే పాఠశాలల గదుల మూలల్లో ఎక్కువగా పడి ఉంటాయి.

బ్యాడ్మింటన్‌లో ఇక్కడివాళ్లకు తెలియాల్సిన సంగతి ఒకటుంది. వేడిగాలి పల్చగా ఉంటుంది కనుక షటిల్ ఎక్కువ దూరం పోతుంది. నైలాన్ షటిల్ డబ్బా మీద ఆకుపచ్చ మూత నెమ్మదిది, నీలం మధ్యస్థం, ఎరుపు వేగమైనది. మనకు వేసవిలో ఆకుపచ్చ సరి. ఈకల షటిళ్లు పొడిగాలికి పెళుసెక్కి విరుగుతాయి. ఆడే ముందు రోజు డబ్బాకు కాస్త ఆవిరి పట్టించి మూత పెట్టి ఉంచితే ఒక్కొక్కటీ ఎక్కువసేపు ఆడుతుంది.

టెన్నిస్ అనగానే ఇది మన పిల్లలది కాదనుకునే రోజులు పోయాయి. 2010 అక్టోబరులో రఫా నడాల్ స్వయంగా వచ్చి స్వచ్ఛంద సంస్థ ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్)తో కలిసి అనంతపురంలో టెన్నిస్ బడి ప్రారంభించాడు. పిల్లల రాకెట్లు సాధారణంగా 19 అంగుళాల నుంచి మొదలై 26 దాకా ఉంటాయి, పెద్దవాళ్లది 27. ఎర్ర, నారింజ, ఆకుపచ్చ బంతులు మామూలు బంతికంటే వరసగా 75, 50, 25 శాతం నెమ్మదిగా ఉంటాయి. పిల్లలకు ఎర్రబంతితోనే మొదలుపెట్టాలి. ఇది ఖరీదు ఎక్కువైన ఆట కాబట్టి రాకెట్టు సొంతంగా కొనే తొందర అక్కర్లేదు. పిల్ల రెండేళ్లు నిలకడగా ఆడాక చూద్దాం.

జిమ్ము సామాను గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. డంబెల్సు కిలో లెక్కన పోత ఇనుపవి కొనాలి. ప్లాస్టిక్ తొడుగులో సిమెంటు నింపినవి కింద పడితే పగులుతాయి. ట్రెడ్‌మిల్ ఈ జిల్లాలో ఎవరికీ అవసరమని నాకు అనిపించదు. కరెంటు పోయినా తెల్లవారుజామున చల్లగాలిలో నడవడానికి ఊరి బయట కావలసినంత చోటుంది.

దుకాణంలో డబ్బు ఇచ్చే ముందు తెలియాల్సినవి కొన్ని. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ మారింది. జతకు 2,500 రూపాయల లోపు బూట్లకూ, ఒక్కో వస్త్రం 2,500 లోపు ఉంటే దానికీ పన్ను 5 శాతం, దాటితే 18. వ్యాయామ యంత్రాలు పక్కన పెడితే ఆటసామాను మీద 12 శాతం నుంచి 5కు దిగింది. 2,500 హద్దుకు కొంచెం పైన ఉన్న బూటుకైతే మనం కట్టే అదనం చాలావరకు పన్నుకే పోతుంది. పాత ధరతోనే అమ్ముతున్నారా అని అడిగే హక్కు మనకుంది. క్రీడాబూట్లకు ఐఎస్ 15844 అనే ప్రమాణం ఉంది, పెట్టె మీదో నాలుక మీదో ఐఎస్ఐ గుర్తు చూడండి. ‘ఫస్ట్ కాపీ’ అంటూ అనంతపురం టవర్ క్లాక్ దగ్గర పేవ్‌మెంట్ల మీద అమ్మే బ్రాండు బూట్లకు బిల్లు ఉండదు, సోలు ఊడితే అడిగే దిక్కుండదు. ఆన్‌లైన్‌లో డెబ్బై శాతం తగ్గింపు కనపడితే ముందు ఆ గరిష్ఠ ధరే నిజమా అని చూడాలి. బిల్లు ఉండి మోసపోతే 1915కు ఫోన్ చేయొచ్చు, అది జాతీయ వినియోగదారుల సహాయవాణి.

ప్రభుత్వం ఇచ్చే డబ్బు సంగతి తల్లిదండ్రుల్లో చాలామందికి తెలియదు. సమగ్ర శిక్ష కింద ప్రాథమిక పాఠశాలకు ఏడాదికి 5,000, ప్రాథమికోన్నతకు 10,000, ఉన్నత పాఠశాలకు 25,000 రూపాయల వరకు క్రీడాసామానుకు నిధి ఉంది. తల్లిదండ్రుల కమిటీ సమావేశంలో ఆ డబ్బుతో ఏం కొన్నారని అడగవచ్చు, అడగాలి. ఐదువేలు తక్కువేమీ కాదు. రెండు రబ్బరు ఫుట్‌బాళ్లు, రెండు వాలీబాళ్లు, ఒక నెట్టు, పంపు, పది స్కిప్పింగ్ తాళ్లు, టెన్నిస్ బంతులు, మైదానం గీయడానికి సున్నం వస్తే ఒక చిన్న బడి ఏడాదంతా ఆడుతుంది. ఒక్క ఖరీదైన క్రికెట్ కిట్టు కొంటే పదకొండుమంది అబ్బాయిలు మాత్రమే ఆడతారు. 2023 డిసెంబరు 26న మొదలైన ‘ఆడుదాం ఆంధ్ర’ పోటీల్లో గ్రామ, వార్డు సచివాలయాలకు క్రికెట్, వాలీబాల్, బ్యాడ్మింటన్ వంటి ఆటల కిట్లు వెళ్లాయి. వాటి నాణ్యత మీద తర్వాత చాలా విమర్శలొచ్చాయి. లక్షల సంఖ్యలో ఒకేసారి కొన్నప్పుడు అనంతపురానికీ అరకుకూ ఒకే బంతి వస్తుంది. నేలను బట్టి సామాను ఎంచుకునే అధికారం మండల స్థాయిలో ఉంటే ఆ డబ్బు ఇంకా బాగా పనిచేసేదని నా అభిప్రాయం.

ఉమ్మడి సామాను ఎలా నడుస్తుందో చూడాలంటే ఈ జిల్లాలో ఆర్డీటీకి మించిన ఉదాహరణ లేదు. 1969లో విన్సెంట్ ఫెర్రర్ ఇక్కడికి వచ్చి పెట్టిన ఆ సంస్థ ఆసుపత్రులు, ఇళ్లు, బడులతో పాటు మైదానాలూ కట్టింది. 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు చాలావరకు జరిగింది ఆర్డీటీ స్టేడియంలోనే. కొనుక్కోగలిగే స్తోమత లేని ఇంటి పిల్లల చేతికి పచ్చిక మైదానం, నెట్లు, కోచ్ అందితే ఏమవుతుందో మొదట చెప్పిన బండ్లపల్లి అనూష పేరు చెబుతుంది. కానీ 2025లో విదేశీ విరాళాల అనుమతి పునరుద్ధరణ ఆగినప్పుడు ఇక్కడి జనం ఎంత ఆందోళనపడి రోడ్ల మీదికి వచ్చారో కూడా చూశాం. ఒక్క సంస్థ మీదే ఇన్ని వేలమంది పిల్లల ఆట ఆధారపడి ఉండటం మంచిది కాదు.

ఊరికొక సామాను పెట్టె అంతకంటే చిన్న పని, ఊరే చేసుకోగలదు. సచివాలయంలోనో బడిలోనో ఒక ఇనుప బీరువా, ఒక రిజిస్టరు, తాళం చెవి ఒకటి పీఈటీ దగ్గర, మరొకటి ఆటాడే అమ్మాయిల్లో పెద్దదాని దగ్గర. అమ్మాయి చేతిలో తాళం ఉండకపోతే సామాను సాయంత్రం ఐదు తర్వాత మగపిల్లలదే అవుతుంది. బంతులు, నెట్లు, ప్యాడ్లు, హెల్మెట్లు, రాకెట్లు అందులో ఉంటాయి. సంక్రాంతి టోర్నమెంటు ప్రవేశ రుసుములో కొంత భాగం, బెంగళూరులో ఉద్యోగాలు చేస్తున్న ఊరివాళ్లు పండక్కి వచ్చినప్పుడు ఇచ్చేది, ఆ పెట్టెకు చేరాలి. పాదం ఎదిగి పట్టకపోయిన బూట్లను ఉతికి, కుట్టించి, సైజు రాసి అందులోనే పెడితే వెనకవాళ్లకు వస్తాయి. లోపలి అట్ట మాత్రం కొత్తది వేయాలి. అది ఒక్కరోజు కూలి కంటే తక్కువ.